బోరు పిడికి చుట్టిన గుడ్డ

బొగ్గూ కల్లుప్పూ కలిసి తడిస్తే ఒక వాసన వస్తుంది. ఆరిపోయిన పొయ్యి మీద వాన పడినప్పుడు వచ్చే వాసనకి దగ్గరగా ఉంటుంది కానీ అది కాదు. ముక్కులో కాస్త చల్లగా తగులుతుంది. కిందటి నెల ఒక మంగళవారం పొద్దున్న అమలాపురంలోని మా పెరట్లో ఆ వాసన వచ్చింది. ఇంటికి కొత్త వైరింగు వేస్తున్న ప్రసాద్ మునగచెట్టుకి అవతల గొయ్యి తీయించి, అందులో ఇనప గొట్టం నిలబెట్టి, దాని చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు పోసి బిందెతో నీళ్ళు వంపుతున్నాడు. కరెంటు ఎక్కడైనా దారి తప్పితే మనుషుల చేతుల్లోకి రాకుండా నేలలోకి దిగిపోవడానికి చేసే ఏర్పాటు అది. నేను కుర్చీ వేసుకుని చూస్తున్నాను. డెబ్బై రెండో ఏట కూడా పని జరుగుతుంటే పక్కన కూర్చోకుండా ఉండలేను. అది లెక్కల టీచరు ఉద్యోగం నాకు అంటించిన జబ్బు.

"ప్లగ్గులన్నిటికీ ఎర్తు ఇచ్చేస్తున్నానండి టీచరు గారూ," అన్నాడు ప్రసాద్ చేతులు దులుపుకుంటూ. "లైట్లకి మటుకు పాత రెండు తీగలే ఉంచేద్దామండి. గోడలు మళ్ళీ కొట్టడం ఎందుకండీ. లైటుని ఎవరు ముట్టుకుంటారండీ?"

అతను ఆ మాట అడగడానికి అనలేదు, ముగించడానికి అన్నాడు. నాకు మాత్రం అదే మాట ఇంకో గొంతులో వినిపించింది. ఆ గొంతులో అది నిజంగా ప్రశ్నే. జవాబు వచ్చేదాకా ఆ గొంతు గల మనిషి ఎదురుచూసేవారు. ఆవిడ పేరు సుగుణమ్మ గారు.

1979 జూన్‌లో కొత్తపేటలో ఒక బాలికల పాఠశాలలో నాకు ఉద్యోగం వచ్చింది. సుగుణమ్మ గారు అక్కడ కుట్టు టీచరు. పలివెల వెళ్ళే దారిలో ఆవిడకి ఒక పెంకుటిల్లు ఉండేది. భర్త హెడ్మాస్టరుగా పనిచేసి పోయారు, పిల్లలు లేరు. వీధి వైపు వాటా మాకు అద్దెకి ఇచ్చారు. మేం సామాను దించుతుండగానే సాయంత్రమైంది. నేను లైటు వేయబోతే ఆవిడ గుమ్మంలోంచి, "ఆగమ్మా లెక్కలమ్మా, పీట ఎక్కి వెయ్యి," అన్నారు. చూస్తే స్విచ్చు కింద గోడకి ఆనించి ఒక చెక్కపీట ఉంది. ఇంట్లో ఏ స్విచ్చు కింద చూసినా అలాంటిదే ఒకటి. నేల మీద నిలబడి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుందట. వానాకాలంలో కాస్త గట్టిగా, ఎండాకాలంలో కాస్త నెమ్మదిగా. ఆ ఇంట్లో అదేమీ లోపం కాదు, పద్ధతి. చెప్పులు బయట విడవడం ఎలాంటిదో పీట ఎక్కి లైటు వేయడం అలాంటిది. ప్రార్థనకి వచ్చిన పాస్టరు గారు కూడా బైబిలు కుర్చీలో పెట్టి, పీట ఎక్కి, లైటు వేసి, దిగి, అప్పుడు మొదలుపెట్టేవారు. "పెళ్ళిలో ఒక్కసారే పీట ఎక్కించేరండి నన్ను, మీ ఇంట్లో రోజూ ఎక్కిస్తున్నారు," అని మావారు అంటే సుగుణమ్మ గారు, "ఎక్కితే దిగొచ్చు నాయనా, పెళ్ళి పీట మీంచి దిగలేవు కదా," అనేవారు.

ఆ స్విచ్చులు ఇప్పటివాళ్ళు చూసి ఉండరు. గుండ్రంగా, చిన్న గిన్నె బోర్లించినట్టు ఇత్తడి టోపీలు, మధ్యలో బొటనవేలంత మీట. ఆ వీధికి కరెంటు వచ్చిన ఏడు మాస్టారు రాజమండ్రి వెళ్ళి, దుకాణంలో ఉన్నవాటిలో మంచివి ఏరుకొచ్చి, పక్కన నిలబడి బిగించుకున్నారట. మాస్టారి గురించి సుగుణమ్మ గారు పెద్దగా మాట్లాడేవారు కాదు. ఏటా డిసెంబరు మొదటి వారంలో ఆ టోపీలు తోమేవారు, అంతే. ముందు మెయిను దగ్గర ఫ్యూజు పీకి, ఎవరూ మళ్ళీ పెట్టకుండా తన కొంగున ముడి వేసుకునేవారు. తరవాత చింతపండులో ఉప్పు కలిపి, ఒక్కొక్క స్విచ్చునీ గోడ మీదే, ఇత్తడి బిందెని తోమినట్టు తోమేవారు. క్రిస్మస్ నాటికి ఆ టోపీల్లో ఎదురుగా నిలబడ్డవాళ్ళ మొహం కనిపించేది. ఏటేటా ఆ పులుపూ ఉప్పూ సందుల్లోంచి లోపలికి ఊరి, తీగల పై తొడుగుని తినేస్తున్నాయని మాలో ఎవరికీ తట్టలేదు. ఇత్తడి కనిపిస్తే చింతపండు తేవడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య కదా.

బళ్ళో ఆవిడ తీరు వేరు. ఏ పిల్లయినా కుట్టిన గౌను తెచ్చి చూపిస్తే పైవైపు చూసేవారే కాదు. లోపలిది బయటికి తిప్పి, కుట్టు పొడుగునా చూపుడువేలు నడిపించి, "ఇది ఎవరు తొడుక్కుంటారే?" అని అడిగేవారు.

"మా చెల్లండి."

"ఎన్నేళ్ళు?"

"మూడండి."

"మూడేళ్ళ పిల్లకి మెడ దగ్గర ఈ ముడి గుచ్చుకుంటే, గుచ్చుకుందని చెబుతుందా, ఊరికే ఏడుస్తుందా?"

ఆ పిల్ల ఆలోచించి, "ఊరికే ఏడుస్తుందండి," అనేది.

"మరి ఏడిస్తే నువ్వేం చేస్తావు, కొడతావు. విప్పి మళ్ళీ కుట్టు."

పక్క గదిలో భిన్నాలు చెబుతూ నేను ఈ మాటలు వినేదాన్ని. నా లెక్కల్లో జవాబు సరిపోతే పని అయిపోయినట్టే. ఆవిడ లెక్కలో జవాబు సరిపోయాక ఇంకో మనిషి మిగిలి ఉండేది.

మేం ఆ ఇంట్లో చేరిన రెండో క్రిస్మస్‌కి సంగతి మారింది. పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే బృందం మా వరండాలోకి వచ్చింది. డోలక్ వాయించే దేవదానం గారు పెద్దాయన, ఊరికి కొత్త. చీకటిగా ఉందని చొరవగా చెయ్యి చాచి లైటు వేశారు. పీట సంగతి ఎవరమూ చెప్పలేదు. అప్పటికి మాకు అది చెప్పాల్సిన సంగతిగా తోచడం మానేసింది. ఆయన వెనక్కి విసురుగా పడ్డారు. దెబ్బ తగలలేదు కానీ డోలక్ మీద పడడంతో అది చిరిగిపోయింది. కాఫీ తాగి తేరుకున్నాక, "వాయించాల్సింది నేను కదండీ, మీ గోడ నన్ను వాయించేసింది," అన్నారు. అందరం నవ్వాం. సుగుణమ్మ గారు నవ్వలేదు. మర్నాడే సూర్రావుని పిలిపించారు.

సూర్రావు ఆ చుట్టుపక్కల కరెంటు పని చేసేవాడు. స్విచ్చులు విప్పి చూసి, నల్లబడ్డ తీగలు చూపించి, చేయాల్సింది చెప్పాడు. గోడల మీది చెక్క పట్టీలన్నీ విప్పాలి. ప్రతి లైటుకీ రెండు తీగలతో పాటు మూడో తీగ లాగాలి. పెరట్లో గొయ్యి తీసి ఆ మూడో తీగని అందులోకి దింపాలి. "కానీ పండగ ముందు ఇల్లంతా ఎందుకు విప్పుకుంటారండీ? ఇప్పటికి ఈ టోపీలన్నిటినీ ఒక తీగతో కలిపి మీ బోరు పైపుకి కట్టేస్తానండి. కోనసీమ నేలండి, ఎప్పుడూ తడే. బోరు పైపుని మించిన ఎర్తు ఉంటుందాండీ?"

ఆ ఊళ్ళో చాలామంది అలాగే కట్టించుకున్నారు. మాకూ సబబుగానే తోచింది. ఒక పూటలో పని అయిపోయింది. నేను నేల మీద నిలబడి స్విచ్చు ముట్టుకున్నాను, ఏమీ లేదు. సుగుణమ్మ గారు పీటలన్నీ ఏరి, ఒకటి కూరలు తరుక్కోవడానికి ఉంచుకుని, మిగతావి అటక మీద పెట్టించారు. ఆ క్రిస్మస్‌కి పాస్టరు గారు లైటు వేయడానికి వచ్చి, అలవాటు కొద్దీ కాలు పైకెత్తి, కింద పీట లేక తూలారు.

ఆ బోరు పెరట్లో, వెనక వీధి వైపు ఉండేది. వెనక వీధి వాళ్ళకి మంచినీళ్ళ బోరు లేదు. దడికి చిన్న తలుపు పెట్టించి, పొద్దున్నా సాయంత్రమూ వచ్చి పట్టుకోమని మాస్టారి రోజుల్లోనే చెప్పారట. మంగమ్మ అనే ఆవిడ మా రెండు వాటాలకీ నీళ్ళు కొట్టి పెట్టి, తను రెండు బిందెలు తీసుకెళ్ళేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. చర్చి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుందామని సుగుణమ్మ గారూ నేనూ బోరు దగ్గరికి వెళ్ళాం. బోరు పిడికి ఒక పాత గుడ్డ చుట్టి ఉంది. ఊరికే వేలాడేసింది కాదు. దగ్గరగా, మడతలు కుదిరేట్టు చుట్టి, కొబ్బరి పీచుతో బిగించి కట్టింది. కుట్టు టీచరు కళ్ళు కదా, అక్కడే ఆగాయి. మంగమ్మ బిందెతో వస్తోంది.

"ఈ గుడ్డేమిటే మంగా?"

"చేతులు కందిపోతన్నాయండి."

"ఇన్నేళ్ళూ కందని చేతులు ఇప్పుడు కందుతున్నాయా?"

మంగమ్మ బిందె ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. "సాయంత్రం పూట కూసింత చురుక్కుమంటందండి. ఎక్కువేం కాదండి. గుడ్డ పొడిగా ఉంటే తెలవదండి."

"ఎప్పటినుంచి?"

"కిస్మస్ ఎల్లిన కాణ్ణించండి."

"మరి చెప్పవేం?"

మంగమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ బోరు కదండీ అమ్మగారూ. నీళ్ళిత్తన్నారు. మళ్ళీ పేర్లు కూడా పెడతామాండీ?"

తరవాత సూర్రావు చెప్పగా అర్థమైంది. వరండా స్విచ్చులో లోపలి తీగ ఇత్తడికి పూర్తిగా తగిలిపోయింది. లైటు వేసినప్పుడల్లా ఆ కరెంటు మేం కట్టించిన తీగ వెంట బోరుకి చేరుతోంది. ఫ్యూజు పోయేంత కరెంటుని ఆ పైపు నేలలోకి దింపలేకపోయింది. అలాగని చేతికి తెలియనంత తక్కువా కాదు; ఇంట్లో పొడి నేల మీద మాకు తెలియలేదు, బోరు దగ్గర తడి నేల మీద వాళ్ళకి తెలిసింది. మేం లైట్లు వేసుకునే వేళే వాళ్ళు నీళ్ళకి వచ్చే వేళ. పగటి పూట మేం ముట్టుకుంటే ఏమీ ఉండేది కాదు.

కానీ ఆ ఆదివారం సుగుణమ్మ గారు ఈ వివరాల కోసం ఆగలేదు. లోపలికి వెళ్ళి ఫ్యూజు పీకి కొంగున కట్టుకున్నారు. తన కత్తెర తెచ్చారు. ఆ కత్తెరతో బట్ట తప్ప కాగితం కూడా కోయనిచ్చేవారు కాదు. ఒకసారి ఒక పిల్ల దానితో రిబ్బను కోసిందని వారం రోజులు మాట్లాడలేదు. బోరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కత్తెర రెండు చేతులా పట్టుకుని, నొక్కి నొక్కి ఆ తీగ తెంపారు. కత్తెర నోరు వంకరపోయింది. ఆవిడ దాని వైపు చూడను కూడా చూడలేదు.

"మన చురుకు వాళ్ళ చేతికి పంపించాం లెక్కలమ్మా," అన్నారు లేస్తూ. "పీటలు అటకెక్కించి మురిసిపోయాం."

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో లాంతర్లు. పని పూర్తిగా అయ్యేదాకా ఫ్యూజు పెట్టనన్నారు. "మీకు ఇబ్బందైతే వేరే ఇల్లు చూసుకోండమ్మా, నేనేమీ అనుకోను," అని కూడా అన్నారు. మావారు రెండు రోజులు గొణిగి, మూడో రోజు లాంతరు గాజు తనే తుడవడం మొదలుపెట్టారు.

సూర్రావు వచ్చి, ఇంత గొడవ ఎందుకన్నట్టు తల గోక్కున్నాడు. "ఆ ఒక్క స్విచ్చు మారిస్తే సరిపోద్దండి. పాపం వాళ్ళేమీ అనలేదు కదండీ."

"అనలేదయ్యా. గుడ్డ చుట్టుకున్నారు."

 సూర్రావు చెక్క పట్టీలు విప్పడం మొదలుపెట్టాడు. ప్రతి లైటుకీ మూడో తీగ వెళ్ళింది. వంటింట్లో చెక్క హోల్డరుకి వేలాడే ఒంటి బల్బుకి కూడా ఎందుకని అతను అడిగితే, "ఇవాళ చెక్క. నేను పోయాక ఈ ఇంట్లో ఎవరుంటారో, ఏ ఇనప దీపం తగిలిస్తారో నీకు తెలుసా?" అన్నారు. ఎర్తు గొయ్యి బోరుకి దూరంగా, వీధి వైపు తవ్వించారు. బొగ్గూ ఉప్పూ తడిసిన వాసన నాకు మొదటిసారి తెలిసింది అక్కడే.

చివరికి ఇత్తడి టోపీల దగ్గర పని ఆగింది. సూర్రావు మంచివాడు, ఆవిడ మనసు కనిపెట్టాడు. "కొత్త తీగతో ఎర్తు ఇచ్చేసి ఇవే బిగిస్తానండి. మాస్టారు తెచ్చినవి కదండీ. చింతపండు మటుకు పెట్టకండి, సరిపోద్ది."

సుగుణమ్మ గారు ఒక టోపీని అరచేతిలో పెట్టుకుని కొంగుతో తుడిచారు. "ఇత్తడి గోడ మీద నల్లబడుతుంటే చూస్తూ ఊరుకోగలనా? ఈ ఏడాది ఊరుకుంటాను. పైయేడు ఊరుకుంటాను. ఆ పైయేడు ఒక్కసారికేం అవుతుందిలే అంటాను. నా సంగతి నాకు తెలుసు. తీసెయ్యి."

నల్లటి ప్లాస్టిక్ స్విచ్చులు వచ్చాయి. ఆవిడ వాటిని ఒక్కసారి కూడా బాగున్నాయని అనలేదు. ఇత్తడి టోపీలు మాత్రం బళ్ళో కుట్టు బల్ల మీదికి చేరాయి. బట్ట కత్తిరించేటప్పుడు కొలతలు గీసిన కాగితం జారకుండా నాలుగు మూలలా బరువు పెట్టడానికి. అక్కడ డిసెంబరులో ఎంత చింతపండు పెట్టి తోమినా ఎవరికీ ఏమీ కాదు.

ఇంతటితో కథ అయిపోయిందనుకున్నాను. కరెంటు వచ్చింది, లైట్లు వెలిగాయి, బోరు బాగుంది. మంగమ్మకి నేనే చెప్పాను. "ఆయ్, అలాగేనండి," అంది. గుడ్డ మాత్రం పిడి మీదే ఉంది. తడిసి చిరిగితే కొత్త గుడ్డ వచ్చింది.

సుగుణమ్మ గారు సాయంత్రాలు ముందుగా ఇంట్లో లైట్లన్నీ వేసి, బోరు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. గుడ్డ చుట్టని చోట, ఉత్త ఇనుము మీద, వట్టి చేతులతో పట్టుకుని, వాళ్ళ మొదటి బిందె తనే కొట్టేవారు. ఆవిడకి అది చేతనయ్యేది కాదు. పిడి పైకి లేస్తే మనిషీ లేచేవారు.

"ఈ లెక్కన బిందె నిండేతలికి తెల్లారిపోద్దండి అమ్మగారూ," అని ఒకామె అంటే, "తెల్లారితే కాఫీ నేనే ఇస్తాను, నిలబడు," అనేవారు రొప్పుతూ.

నాకు ఆవిడ అవస్థ చూడబుద్ధి కాలేదు. "బాగైందని గట్టిగా ఇంకోసారి చెబితే పోదాండీ?" అన్నాను.

"బాగుందని మనం కిందటిసారి కూడా అనుకున్నాం కదమ్మా."

రోజూ అంతే. ఈస్టరు బట్టలు కుట్టే రోజుల్లో కూడా మానలేదు. వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున్న నేను ఎనిమిదో తరగతి గదిలో బోర్డు మీద లెక్క వేస్తుంటే, సుగుణమ్మ గారు గుమ్మంలోకి వచ్చారు. క్లాసు జరుగుతుండగా రావడం ఆవిడ అలవాటు కాదు.

"లెక్కలమ్మా. నిన్న సాయంత్రం బోరు మీద గుడ్డ లేదు."

అంతే చెప్పి తన గదికి వెళ్ళిపోయారు. పిల్లలు నా వైపు చూశారు. నేను బోర్డు వైపు తిరిగి ఆ లెక్క మళ్ళీ మొదటినుంచి వేశాను.

తరవాత మాకు అమలాపురం బదిలీ అయింది. ఆవిడ రిటైరై, అదే ఇంట్లో ఉండి, ఒక వానాకాలంలో కన్నుమూశారు. మేం వెళ్ళేసరికి వరండాలో లైటు వెలుగుతోంది. దడికున్న చిన్న తలుపు తీసే ఉంది. ఆవిడ నాకు కుట్టు నేర్పలేదు, నేర్చుకునే ఓపిక నాకు లేదు. నేర్పిన దానికి పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ పని అయినా ముగిశాక నా చూపు దాని మీదినుంచి జారి దాన్ని ముట్టుకునే చేతుల మీదికి పోతుంది.

అలా పోబట్టే రెండు నెలల కిందట ఒకటి చూశాను. మా ఇంట్లో పనిచేసే సత్యవతి తెల్లవారుజామునే వస్తుంది. పెరట్లో గిన్నెలు తోమే చోట లైటుకి ఇనప పెట్టెలో బిగించిన స్విచ్చు ఉంది. ఆమె చీర కొంగు వేళ్ళకి రెండు చుట్లు చుట్టుకుని ఆ స్విచ్చు వేసింది. నడుస్తూ నడుస్తూ, ఆలోచన లేకుండా, పీట ఎక్కినంత మామూలుగా.  ప్రసాద్‌కి ఫోను చేశాను. "ఈ వయసులో ఇల్లు విప్పడమేమిటి? మళ్ళీ లాంతర్లేనా?" అన్నారు మావారు. అని, గాజు ఎక్కడుందో వెతకడానికి లేచారు.

అందుకే ఆ మంగళవారం ప్రసాద్‌తో అన్నాను: "లైటుని ఎవరు ముట్టుకుంటారో నాకు తెలుసు బాబూ. గోడలు కొట్టు."

కొట్టాడు. ప్రతి లైటుకీ మూడో తీగ లాగాడు, ఇనప పెట్టె తీసి ప్లాస్టిక్‌ది పెట్టాడు. కరెంటు ఎక్కడ కాస్త లీకైనా దానంతట అదే పడిపోయే స్విచ్చు ఒకటి మెయిను దగ్గర బిగించి, మీట నొక్కి పడేసి చూపించాడు. అంతా బాగుంది. సత్యవతికి చెప్పాను. "ఆయ్, సరేనండి," అంది. మర్నాడు కొంగు చుట్టుకునే లైటు వేసింది.

నేను నవ్వుకున్నాను. అప్పటినుంచి ఆమె కంటే ముందు లేచి, కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, సత్యవతి తలుపు తీసిన చప్పుడయ్యాక, ఆమె చూస్తుండగా, వట్టి చేత్తో నేనే ఆ లైటు వేస్తున్నాను. స్విచ్చు కాస్త ఎత్తులో ఉంటుంది. నా చెయ్యి పూర్తిగా లేవదు, ఒకసారికి అందదు.

ఇవాళ పొద్దున్న కూడా వెళ్ళాను. మెట్టు దిగి, కర్ర గోడకి ఆనించి, చెయ్యి చాచాను. అందలేదు. మళ్ళీ చాచాను. వెనకనుంచి సత్యవతి గబగబా వచ్చింది.

"అయ్యో, మీరెందుకండీ టీచరు గారూ, పడిపోతారు. ఉండండి, నేనేత్తాను."

నా భుజం మీదుగా చెయ్యి చాచి స్విచ్చు నొక్కింది. కొంగు ఆమె నడుముకి బిగించి ఉంది. లైటు వెలిగింది. సత్యవతి చేపల ధర గురించి ఏదో చెబుతూ గిన్నెల ముందు కూర్చుంది. నేను కర్ర తీసుకుని లోపలికి వచ్చి, క్యాలెండరులో ఇవాళ్టి తేదీ చుట్టూ ఒక గీత గీశాను.